పుట్టకొక్కుల పెట్టె

ఎవరో చెప్తే విన్న కథ కాదిది. కౌంటర్ పక్కన మూట దించుతూ నేను కళ్లారా చూసింది. నా పేరు కోటేష్, జ్యోత్స్న నైట్ పార్సిల్‌లో హమాలీని. భద్రాచలం రోడ్డు మీద మా క్రాస్ రోడ్డు నుంచి రోజూ సాయంత్రం వ్యాన్ బయల్దేరి తెల్లారేసరికి హైదరాబాద్ చేరుతుంది. కాలేజీ పిల్లలూ, మోత మోసే అన్నలూ, ఇద్దరూ వినాల్సిన సంగతి కాబట్టి చెప్తున్నాను.

ఒక సాయంత్రం ఇప్పలగుంపు అనే కోయగూడెం నుంచి వచ్చిన జంపక్క టేకాకుల్లో చుట్టిన పొట్లం ఒకటి కౌంటర్ మీద పెట్టింది. అందులో పుట్టకొక్కులు. వానాకాలం ఉరుములు పడితే అడవిలో చెదపుట్టల మీద మొలిచే కొక్కులు అవి. పొద్దున కోసినవి మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో రాజ్యశ్రీ మేడం చేతిలో పడాలి. ఆమె హోటళ్లకు వేస్తుంది. ఆ మధ్యాహ్నం దాటిందంటే నల్లబడి నీరు కారతాయి, కుక్క కూడా ముట్టదు. కాబట్టి రాత్రి వ్యాన్ తప్ప దిక్కు లేదు. ఈ సంగతి జంపక్కకు తెలుసు. కౌంటర్ ఏజెంట్ వెంకటనారాయణకు ఇంకా బాగా తెలుసు.

రేటు పెరిగిందన్నాడు ఆయన. రాత్రి ఛార్జీ వేరట, పాడయ్యే సరుక్కి ఇంకో ఛార్జీ అట. జంపక్క కొంగు ముడి విప్పి చూపింది, చాలలేదు. ఆయన పొట్లం విప్పాడు. గొడుగు విచ్చని మంచి కొక్కులు ఏరి రెండు గుప్పిళ్లు తన టిఫిన్ సంచిలో వేసుకున్నాడు. సరిపోయిందిలే పో అన్నాడు. ఆమె పొట్లం మళ్లీ కట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అసలు దోపిడీ ఆ రెండు గుప్పిళ్లలో లేదు. కిలో పంపినా ఐదు కిలోలు పంపినా ఆ కౌంటర్లో కనీస ఛార్జీ ఒకటే. ఇప్పలగుంపులో ఇరవై ఇళ్లున్నాయి. ఇరవై ఇళ్ల నుంచి రోజూ ఇరవై చిన్న పొట్లాలు వస్తాయి. ఇరవై కనీస ఛార్జీలు గుంజుతాడు. అన్నీ ఒక్క పెట్టెలో పోస్తే అందులో మూడో వంతు కూడా కాదు. అమ్మగా వచ్చినదాంట్లో సగం ఈ కౌంటరే మింగుతోంది. ఈ మాట నేను జంపక్కకు చెప్పాను. ఒకసారి కాదు, చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

"కలుపొద్దు తమ్మీ. ఎవరి పుట్టది వాళ్లదే. కలిపితే దొంగతనం అంటరు," అంది.

వాళ్ల కోయగూడెంలో ఆ కట్టు తాతల నాటిది. అడవిలో ఏ పుట్ట ఏ ఇంటిదో అందరికీ తెలుసు. ఆ ఇంటి ఆడమనిషి పుట్టకు మొక్కి మొదటి కొక్కు కోస్తుంది. ఒకరి పుట్ట కొక్కు ఇంకొకరి గంపలో కనబడితే పంచాయితీ పెట్టి తప్పు కట్టిస్తారు. అడవిలో కొట్లాటలు రాకుండా కాపాడిన కట్టే అది, కాదనను. కానీ ఆ కట్టును రోడ్డు మీద కౌంటర్ దాకా మోసుకొచ్చి వెంకటనారాయణ ఒళ్లో పెడుతున్నారు. చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు.

జంపక్క తొందరకు వేరే కారణం ఉంది. ఆమె కూతురు యశోద నిరుడు కల్లూరు అవతల మిరప చేలకు కూలికి పోయింది. టార్పాలిన్ కింద కాపురం, మందు కొట్టిన చేలో పొద్దంతా నడుం వంచి కాయ ఏరడం, సాయంత్రం బస్తాలు మోయడం. ఆరో నెల కడుపు ఆ చేను గట్టు మీదే పోయింది. ఇప్పుడు మళ్లీ మూడో నెల. మిరప ఏరే కాలానికి నెలలు నిండుతాయి. బిడ్డను ఆ చేలకు పంపనని జంపక్క ఒట్టు పెట్టుకుంది. కొక్కుల డబ్బులు చేతిలో ఆడితే చలికాలం దాకా బియ్యానికి ఇబ్బంది ఉండదు. ఆడకపోతే చేలకు కూలీలను తోలే మేస్త్రీ రాంబాబు దగ్గర అడ్వాన్స్ తీసుకోవాలి. తీసుకున్న ఇంట్లో మంచం మీద ఉన్నవాళ్లు కూడా లారీ ఎక్కాల్సిందే.

ఆదివారం గుంపులో మీటింగ్ పెట్టారు. నన్ను రమ్మన్నది జంపక్కే. గూడెం పెద్ద ముసలయ్య నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు. తండావోడు మా పుట్టల సంగతి మాకు చెప్పవచ్చిండా అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకబద్ధం? నాది లంబాడీ తండా. మా తండాకూ వాళ్ల గుంపుకూ పోడు భూముల దగ్గర పాత పేచీలున్నాయి. అయినా కూర్చున్నాను.

ఇక చూడండి వాదన. నా కొక్కులు పెద్దవి, పక్కింటిదానివి సన్నవి, కలిపితే నేను మునుగుతానని కొండమ్మ లేచింది. మీ ఇంటోళ్లు ఆలస్యంగా కోస్తారు, మీవల్ల మా సరుకు చెడుతుందని ఇంకొకామె. ఎప్పుడో అత్తల కాలంలో ఎవరో ఎవరి పుట్టో తవ్విన గొడవ కూడా బయటికొచ్చింది. నేను పైసల లెక్క మళ్లీ చెప్పాను. ఎవరి గంప తూకం వాళ్లు ఇంటి దగ్గరే వేసుకోండి, వచ్చిన డబ్బు ఆ తూకం ప్రకారం పంచుకోండి అన్నాను. తలలు ఊపారు. ఊపి మళ్లీ మొదటికొచ్చారు. నాకు చిర్రెత్తుకొచ్చి లేచి పోదామనుకున్నాను.

అప్పుడే రాంబాబు మోటార్ సైకిల్ దిగాడు. సమయం భలే చూసుకుని వస్తాడు ఆయన. పొట్లాలు అమ్ముకుంటే ఎన్నాళ్లు గడుస్తుందని నవ్వాడు. అడ్వాన్స్ తెచ్చాననీ, ఈసారి ఇంటికి ఇద్దరు చొప్పున కావాలనీ చెప్పాడు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు మెల్లగా ఆయన వైపు జరిగారు. జంపక్క కూతురి వైపు చూసింది. అంతదాకా గుంజకు ఆనుకుని కూర్చున్న యశోద లేచి నిలబడింది.

"నా పుట్ట, నీ పుట్ట అని కొట్లాడుతున్నరు. మిరప చేను కాడ ఇరవై ఇళ్లోళ్లం ఒక్క పరదా కింద పండుకుంటిమి. ఒక్క గోలెంల నీళ్లు తాగితిమి. నా కడుపు పోయిననాడు గట్టు మీద నన్ను ఎత్తుకున్నది ఈ కొండమ్మత్తే. ఆడ కలిసినోళ్లం ఈడ కలిస్తే తప్పెట్లయితది?"

కొండమ్మ ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. ఇంట్లోకి పోయి తన ఖాళీ గంప తెచ్చి, రేపటి నుంచి కలుపుదాం అన్నట్టు నడుమ పెట్టింది. ఆ వెనక ఒక్కొక్కరే తెచ్చారు. ముసలయ్య మాత్రం కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు కోత అయ్యాక నేను తెచ్చిచ్చిన పండ్ల పెట్టెలో విస్తర్లు కుట్టే అడ్డాకు పరిచి అందరి కొక్కులూ పోశారు. సాయంత్రం ఆడవాళ్లంతా ఆటోల్లో దిగారు. పెట్టె చూడగానే వెంకటనారాయణ మొహం మాడిపోయింది. బరువు చూడనన్నాడు. ఇది కలిపిన సరుకు, ఎవరిదో తెలీదు, ఒక్కొక్కరిదీ విడిగా కట్టుకు రండి అన్నాడు. అట్లాంటి రూలు ఎక్కడుందో చూపమన్నాను. నువ్వు హమాలీవి, మూట మొయ్, రూల్స్ మాట్లాడకు అన్నాడు.

అంతలో ముసలయ్య వచ్చాడు, చేతిలో తన ఇంటి పొట్లంతో. వెంకటనారాయణ మొహం విప్పారింది. లేచి కుర్చీ వేశాడు.

"రా పెద్దాయనా. నీ పొట్లానికి ఇవాళ రూపాయి వద్దు, ఫ్రీ. వీళ్లకు కాస్త బుద్ధి చెప్పు. పుట్టలు కలపగూడదని మీలో ఆచారం గదా, మరిచిపోతే ఎట్లా?"

ముసలయ్య కుర్చీలో కూర్చోలేదు.

"మా పుట్టకు నువ్వెప్పుడన్న మొక్కినవా? మా ఆచారం నాకు నువ్వు చెప్తవా?" అన్నాడు. పొట్లం ముడి పళ్లతో విప్పి తన కొక్కులు పెట్టెలో పోశాడు. చేత్తో కలిపాడు కూడా.

మేం హమాలీలం మూటలు కింద పెట్టేశాం. ఆ పెట్టె ఎక్కనిదే ఏ పెట్టే ఎక్కదన్నాం. ఆడవాళ్లు వ్యాన్ ముందు కూర్చున్నారు. షాపుల వాళ్లు తమ సరుకు ఆగిపోయిందని తిట్టారు. మా కష్టం ఒక్కరికీ పట్టలేదు. వెంకటనారాయణ ఫోన్ చేశాడు, ఎస్సై జీపులో దిగాడు.

పెట్టె ఎవరిదని అడిగాడు ఎస్సై. మాది అన్నారు. మాది అంటే కుదరదు, పేరు చెప్పండి, ఆ ఒక్కరి మీద కేసు పెట్టి మిగతావాళ్లను వదిలేస్తా అన్నాడు. జంపక్క ముందుకు రాబోయింది. ముసలయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"అందర్ది సారూ. అండ్ల నాది ఏదో నాకే తెలుస్తలేదు, నీకేం చెప్పాలె?"

చీకటి పడింది, ఆడవాళ్లను జీపు ఎక్కించొద్దన్నాడు ఎస్సై. ముసలయ్యనూ, నన్నూ, ఇంకో ఇద్దరు హమాలీలనూ జీపులో తోశాడు. పెట్టెను సాక్ష్యం అని వెంట వేసుకున్నాడు. ఆడవాళ్లు నడుచుకుంటూ వచ్చి స్టేషన్ గేటు ముందు కూర్చున్నారు. లేవలేదు.

పెట్టె మీద ఏవో మూటలు పడేశారు, నలిగి గాలాడక తెల్లారేసరికే కొక్కులు కుళ్లిపోయాయి. ఇరవై ఇళ్ల కష్టం నల్లటి నీరై స్టేషన్ వరండాలో కారింది. హైదరాబాద్ నుంచి రాజ్యశ్రీ మేడం ఫోన్ చేసి, ఇట్లా అయితే వేరే ఊరి సరుకు చూసుకుంటానంది. మా మీద కేసు రాసి మమ్మల్ని వదిలారు. ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఆ పొద్దున నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. ఇంత చేసి సాధించింది కుళ్లు నీళ్లేనా అనిపించింది. కానీ జంపక్క అప్పటికే అడవికి పోయింది. ఈ పొద్దు మొలిచినవి రేపటిదాకా ఆగుతయా అని అడిగిందట.

ఆ సాయంత్రం కౌంటర్ షట్టర్ దించి ఉంది. మేం పెట్టెతో అక్కడికి చేరేసరికి ఇంకో మూడు గుంపుల వాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లూ పొట్లాలు కలిపి పెట్టెలు కట్టుకొచ్చారు. మా తండా నుంచి మా పెద్దమ్మ పూలి పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చింది. మా తండా సంచుల్లో కొక్కులు లేవు, రొట్టెలున్నాయి. పోడు పేచీల సంగతి ఎవరూ ఎత్తలేదు. షట్టర్ వెనక లైటు వెలుగుతోంది, వెంకటనారాయణ లోపలే ఉన్నాడు. బయట వ్యాన్ ఖాళీగా నిలబడింది.

రాంబాబు కూడా వచ్చాడు. నిన్నటి సరుకు పోయింది, ఇవాళ్టిదీ పోయేట్టుంది, ఇక దారికొస్తారని లెక్క వేసుకున్నాడు. నోట్ల కట్ట చేతిలో పట్టుకుని వరసగా నడుస్తూ జంపక్క ముందు ఆగాడు. ఆమె ఇంట్లో బియ్యం లేవని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తీసుకో అక్కా, పంతాలతో కడుపు నిండదు అన్నాడు. జంపక్క చెయ్యి ఒళ్లోనే ఉంది.

"నా బిడ్డ మిరప చేనుకు రాదు. రేపు కోసినయి గూడ ఈడికే తెస్తం. కుళ్లితే ఈ కౌంటరాయన గడప ముందట్నే కుళ్లుతయి," అంది.

రాంబాబు కొండమ్మ ముందుకు జరిగాడు, ఆ తర్వాత ఆమె పక్కనున్న వాళ్ల ముందుకు. వరస చివర్న యశోద కూర్చుని ఉంది. ఆమె దాకా వచ్చేసరికి కట్టలో నోటు ఒక్కటి కూడా తగ్గలేదు.