రెండు చేతులూ వదిలితే

ఆళ్లగడ్డ షెడ్డులో అమ్మవారి విగ్రహం సిద్ధమై ఏడాది దాటింది. కళ్లు చెక్కడమే మిగిలింది. చెక్కిన చెయ్యే కళ్లు తెరవాలి, శిల్పి సంజీవయ్య ఇంట్లో తాత నాటి నుంచీ అదే పట్టింపు. కప్పీ గొలుసు తెగి రాయి వీపు మీద పడ్డప్పటి నుంచి ఆయనకు నడుము కింద స్పర్శ లేదు. ఒక చేత్తో కుర్చీ పట్టుకోకపోతే పక్కకు ఒరిగిపోతాడు. ఉలికి ఒక చెయ్యి కావాలి, సుత్తికి ఇంకో చెయ్యి. మాఘంలో ప్రతిష్ఠ. ఆలోగా కాకపోతే గుడివాళ్లు వేరే శిల్పిని పిలుస్తారు.

అందుకే వారానికి మూడుసార్లు నంద్యాల ప్రయాణం. అక్కడ ఫిజియోథెరపిస్టు ప్రవళిక ఆయన్ని గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో, ఛాతీ లోతున, బల్ల మీద కూర్చోబెడుతుంది. ఆ వెచ్చదనానికి బిగుసుకుపోయే కాళ్లు మెత్తబడ్డాయి. అంతవరకు ఆయనా ఒప్పుకున్నాడు. గోడకున్న కడ్డీని మాత్రం మూడు వారాలైనా వదల్లేదు.

"చెయ్యి తియ్యన్నా. నీళ్లు మోస్తాయి."

"రాయిని మోస్తాయా పాపా? నడుము కిందంతా రాయే నాకు."

గట్టు మీది నుంచి భార్య నాగజ్యోతి అందుకుంది. "నలభై ఏండ్లు రాళ్లతో కాపురం చేసినాడు గదమ్మా. మనిషి తేల్తాడంటే యాడ నమ్ముతాడు?"

మరుసటిసారి ప్రవళిక ఒక థర్మోకోల్ దిమ్మెను నీళ్లలోకి వదిలింది. దాని మీద అమ్మవారి ముఖం తనే గీసింది. ఒక కన్ను చెంప మీదికి జారింది.

సంజీవయ్య ఓర్చుకోలేకపోయాడు. "ఏందీ ఇది? కన్ను ఆడ పెడతారా ఎవరన్నా? ఈడియ్ ఆ పెన్ను!"

ఎడమచేత్తో దిమ్మె పట్టాడు, కుడిచేత్తో పెన్ను. దిమ్మె ఊగింది. దానితోపాటు ఆయన ఒళ్లూ ఊగి, సర్దుకుంది. ప్రవళిక వెనక చేతులు చాచి నిలబడింది కానీ తాకలేదు. నోరు తెరవబోయిన నాగజ్యోతిని కళ్లతోనే ఆపింది.

రెండు కళ్లూ దిద్దాక గానీ ఆయన కడ్డీ వైపు చూడలేదు. అది మూరెడు దూరంలో ఉంది.

"ఎంతసేపు వదిల్నా?"

"నాలుగు నిమిషాలు, అన్నా."

"చాలదు. ఇంకో దిమ్మె తెచ్చుకో పో."

మాఘానికి ముందు, షెడ్డులో, విగ్రహం ఎదురుగా కుర్చీ వేశారు. ఇక్కడ మోయడానికి నీళ్లు లేవు. మొదటి కన్ను తెరిచాక ఆయన ఎడమకు ఒరిగాడు. నాగజ్యోతి ముందుకు ఉరికింది.

"పట్టుకోవాకు."

ఊపిరి బిగబట్టి, తొట్టిలో చేసినట్టే నడుమును మధ్యకు తెచ్చుకుని, సుత్తి ఎత్తాడు. రెండో కన్నుకు ఏడు దెబ్బలు పట్టాయి.