ఆఖరి ర్యాంకు ప్రమాణం

మా వైద్య విశ్వవిద్యాలయంలో పట్టాలిచ్చే రోజున ప్రమాణం చదివించేది క్లాసులో ఫస్టు వచ్చినవాళ్లతో కాదు, ఆఖరు వచ్చినవాళ్లతో. ఈ సంగతి మా కాలేజీ గోడలకు కూడా తెలుసు. మా నాన్నకు మాత్రం తెలియదు. నా కొంప ముంచింది అదే.

ఆ ఫోను నేను ఎత్తి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు వచ్చింది, నాన్న ఎత్తారు. మీ అమ్మాయిని ప్రమాణం చదవడానికి ఎంపిక చేశాం, అభినందనలు అని ఆఫీసువాళ్లు చెప్పారు. తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి నాన్న హాలు మధ్యలో నిలబడి కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంటున్నారు. అప్పటికే అత్తయ్యకు కబురు వెళ్లిపోయింది. మా అత్తయ్యకు ఒక మాట చెప్పామంటే ఊరంతా మైకు పెట్టి చెప్పినట్టే.

"నాకు ముందే తెలుసమ్మా, నువ్వు ఫస్టు వస్తావని," అన్నారు నాన్న.

నాన్న హైస్కూలు హెడ్మాస్టరు. ఆయనకు అన్నీ ముందే తెలుసు. వాన వస్తుందో రాదో తెలుసు, ఒకవేళ వాన ఆయన మాట వినకపోతే తప్పు వానదే. దారి తప్పినా కారు ఆపి ఎవర్నీ అడగరు, "ఇది దగ్గర దారి" అంటారు. "తెలియదు" అన్న మాట ఆయన నోట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. బడిలో ర్యాంకులు కూడా ఆయనే చదువుతారు. మొదటి పేరు గొంతెత్తి పాటలా చదువుతారు. ఆఖరి పేరు దగ్గరికి వచ్చేసరికి, ఆ పిల్లాడి ఇంట్లో ఎవరో పోయినట్టు గొంతు తగ్గించేస్తారు. అలాంటి మనిషికి "నాన్నా, నేను ఆఖరు" అని ఎలా చెప్పను?

చెప్పాలని ప్రయత్నించకపోలేదు. భోజనాల దగ్గర "నాన్నా, ఆ ప్రమాణం సంగతి" అని మొదలుపెట్టాను. "కంఠతా పట్టెయ్. కాగితం చూసి చదివితే ఫస్టు వచ్చినదానివి, నీకే నామోషీ," అన్నారు. వంటింట్లో అమ్మ దగ్గర నోరు విప్పబోతే గభాలున మిక్సీ వేసింది. ఆపేదాకా ఉండి మళ్లీ నోరు తెరిచాను, మళ్లీ వేసింది. ఇక అత్తయ్య పక్కింటివాళ్లకు కూడా చెప్పేశానని ఫోను చేసింది. "ముందు వరసలో కూర్చోబెట్టాలే మమ్మల్ని, ఏమే, వింటున్నావా?"

నాన్న రోజూ నన్ను ఎదురుగా నిలబెట్టి ప్రమాణం అప్పజెప్పించుకున్నారు. ఒక వాక్యం దగ్గర మాత్రం ప్రతిసారీ మొహం చిట్లించేవారు. "'నాకు తెలియనప్పుడు తెలియదని చెబుతాను.' ఇదెందుకమ్మా ఇందులో? డాక్టరే తెలియదంటే రోగి గతేం కాను?"

నిజానికి మా ఆచారమంతా ఆ ఒక్క వాక్యం నుంచే పుట్టింది. కాలేజీ పెట్టిన పెద్దాయన ప్రమాణం స్వయంగా రాశారట. మొదటి బ్యాచికి పట్టాలిచ్చిన రోజున ఫస్టు వచ్చిన కుర్రాడితో చదివించారు. గడగడా చదువుకుపోతున్నవాడు ఆ వాక్యం దగ్గర టక్కున ఆగిపోయాడు. జన్మలో అనని మాట, నోరు తిరగలేదు. దాన్ని దాటేసి కింది వాక్యం అందుకున్నాడు. పెద్దాయన చేతికర్రతో నేలను ఠక్కుమని కొట్టారు. అప్పుడు వెనక వరస నుంచి, అత్తెసరు మార్కులతో గట్టెక్కిన ఒకాయన లేచి ఆ వాక్యం హాలు దద్దరిల్లేలా చెప్పాడు. పెద్దాయన పకపకా నవ్వి, "ఆయన్ని పైకి రమ్మనండి. పరీక్షల్లో అడిగినప్పుడల్లా ఈ మాటే చెప్పి చెప్పి బాగా అలవాటైపోయింది," అన్నారట. ఆనాటి నుంచీ ఆ పని ఆఖరివాళ్లదే. ఆ వాక్యం రాగానే గురువులందరూ ఒక్క గొంతుతో "మమ్మల్ని అడుగు" అనడం కూడా ఆ రోజే మొదలైందట.

ఈ కథను ప్రతి ఏడూ ప్రమాణానికి ముందు మా అనాటమీ ప్రొఫెసరు చెబుతారు. ఆయన్ని మేమంతా ఎముకల తాతయ్య అంటాం. అంటే ఈ ఏడు కూడా చెబుతారు, హాలు నిండా జనం మధ్య, మా నాన్న ముందు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఆ రోజు రానే వచ్చింది. దగ్గర దారిన వచ్చిన పుణ్యమా అని మావాళ్లు ఊరేగింపు మొదలయ్యాక చేరారు. అందరికంటే ముందు ఒక ప్రొఫెసరు మఖమల్ దిండు మీద మా కాలేజీ మొదటి స్టెతస్కోపు పెట్టుకుని నడుస్తారు. అదొక కర్ర గొట్టం. అది విరిగిన బల్ల కాలు అని సీనియర్లు అంటారు, ఎవరూ దగ్గరికి వెళ్లి చూసే సాహసం చేయలేదు. వెనక సర్జన్లు ఎర్ర అంచుల గౌన్లలో, వాళ్ల వెనక మెడిసిన్ విభాగంవాళ్లు ఆకుపచ్చ అంచుల గౌన్లలో. అత్తయ్య ముందు వరసలో చోటు సంపాదించేసి నాకేసి చెయ్యి ఊపుతోంది. నాన్న ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నారు.

రిజిస్ట్రారు మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నారు. "మన తాతయ్యగారికి, క్షమించాలి, ప్రొఫెసరుగారికి గొంతు పూర్తిగా పోయింది. ఈసారికి కథ ఉండదు. నేరుగా ప్రమాణమే."

బతుకు జీవుడా అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో ఎముకల తాతయ్య గొంతుకు పట్టిన జలుబును దీవించాను. నేను మెట్లెక్కి, చదివి, దిగిపోతే చాలు. నాన్న దృష్టిలో జీవితాంతం ఫస్టే. ఆయన సంతోషంగా ఉంటారు, నేనూ హాయిగా ఉంటాను, ఎవరికీ నష్టం లేదు.

వేదిక ఎక్కాను. మొదటి వాక్యాలు అలవోకగా వచ్చాయి. కింద నాన్న పెదవులు నాతో పాటే కదులుతున్నాయి. ఆయనకూ ప్రమాణం కంఠతా వచ్చేసింది పాపం. ఆ వాక్యం వచ్చింది. "నాకు తెలియనప్పుడు" అన్నాను. నోరు పెగల్లేదు. మొదటి బ్యాచి ఫస్టు కుర్రాడికి పట్టిన గతే నాకూ పట్టింది.

ఎందుకంటే ఎదురుగా నాన్న ఉన్నారు. నేను ఫస్టని నమ్మి మురిసిపోతున్నారు. ఆయన్ని ఆ నమ్మకంతోనే ఇంటికి పంపేసి, రేపు ఏ రోగి మంచం పక్కనో నిలబడి నేను నిజం చెబుతానని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

రిజిస్ట్రారు వెనక నుంచి మెల్లగా వాక్యం అందించబోయారు. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

"ఇక్కడ ఒక కథ చెప్పడం మన ఆచారం. తాతయ్యకు గొంతు లేదు కాబట్టి నేను చెబుతాను," అన్నాను.

చెప్పాను. ఫస్టు కుర్రాడి సంగతి, చేతికర్ర, వెనక వరస, అంతా. చివరికి, "ఈ ఏడు ఆ ఆఖరి ర్యాంకు నాది. మా నాన్నగారికి ఈ సంగతి తెలియదు. చెప్పాలనుకున్నాను, ధైర్యం చాల్లేదు. నాన్నా, నేను ఆఖరు," అన్నాను.

మా బ్యాచివాళ్లు ఈలలు వేశారు. అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాన్న మాత్రం కదల్లేదు. నేను ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి ఎక్కడా ఆగకుండా. ఎర్ర అంచులూ ఆకుపచ్చ అంచులూ ఒక్కసారిగా లేచి "మమ్మల్ని అడుగు!" అన్నాయి. ఎముకల తాతయ్య కూడా లేని గొంతుతో నోరు కదిపారు.

బయట వరండాలో అత్తయ్య మా మీద పడింది. "అన్నయ్యా, పక్కింటివాళ్లకు ఇప్పుడేం చెప్పను?"

"డాక్టరయిందని చెప్పు," అంది అమ్మ. నాకేసి తిరిగి గొంతు తగ్గించింది. "మిక్సీ ఊరికే వేశాననుకున్నావా? నీ మొహం చూస్తే నాకు తెలీదూ? నువ్వు నాకు చెబితే ఆయనకు నేను చెప్పాల్సొచ్చేది. ఆయన అది నీ నోటే వినాలి."

నాన్న కారు తాళం తీశారు, ఎక్కాం, బయల్దేరాం. అరిచినా బాగుండును. హెడ్మాస్టరు మౌనంగా ఉంటే ఎంత భయమో ఆయన దగ్గర చదివినవాళ్లను అడగండి. వెనక సీట్లో పట్టా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంత చేసి ఆయన మనసు కష్టపెట్టానే అని ఏడుపొచ్చింది.

రంగుల దుకాణం దాటాం. ఒక సందు తిరిగాం, ఇంకో సందు తిరిగాం. మళ్లీ అదే రంగుల దుకాణం వచ్చింది. "ఇది దగ్గర దారి" అంటారని అందరం ఎదురుచూస్తున్నాం. ఆయన అనలేదు. మెల్లగా కారు పక్కకు తీసి, పండ్లు అమ్ముకునే ఒకావిడ దగ్గర ఆపి, అద్దం దించారు.

"ఏమ్మా, హైవేకి ఎటు వెళ్లాలి?" గొంతు సవరించుకున్నారు. "నాకు తెలియదు."

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తయ్య నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా మూసేసింది.

ఆవిడ ఎడమకు తిరిగి తిన్నగా పొమ్మంది. నాన్న థాంక్స్ చెప్పారు, కానీ కారు కదపలేదు.

"వెనక కూర్చుందే, మా అమ్మాయి," అన్నారు. "ఇవాళే డాక్టరయింది. ఇవాళ ప్రమాణం తనే చదివింది. క్లాసులో ఆఖరు."

ఆఖరి పేరు దగ్గర గొంతు తగ్గించడం ఆయన అలవాటు కదా. తగ్గించలేదు. మొదటి ర్యాంకు చదివినట్టే, గొంతెత్తి పాటలా చదివారు.