మీరు బయట కూర్చోండి

దిండు గలీబు మీద రక్తపు మరక చూడగానే టీచరమ్మ దాన్ని చన్నీళ్లలో నానబెట్టి, భర్త లేచేలోపే ఉతికి ఆరేసింది. వారంలో ఇది మూడోసారి. నిద్రలో చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. చేతికి ఏం తగిలినా నల్లగా కమిలిపోతోంది. ఇవాళ మంచం దిగుతుంటే కళ్లు కూడా తిరిగాయి.

గుండె నాళంలో స్టెంటు వేసి మూడు నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు, ఏడాది పాటు వేసుకోమన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ల ఒంటికి అవి ఎక్కువవుతున్నాయేమోనని ఆమె అనుమానం. మానేస్తే స్టెంటు మూసుకుపోతుందేమోనని భయం. భర్తతో అంటే, "డాక్టరు కంటే నీకే ఎక్కువ తెలుసా? ప్రతిదానికీ రాద్ధాంతం చేయకు" అన్నాడు పేపరులోంచి తలెత్తకుండా. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, సొంత ఒంటి గురించి నోరెత్తడానికి జంకింది. ఈ ఇంట్లో ఆయనకు జ్వరమొస్తే అందరికీ నిద్ర ఉండేది కాదు. ఆమెకొస్తే వంట కాస్త ఆలస్యమయ్యేది, అంతే. ఆసుపత్రిలోనూ డాక్టరు ఆమెను అడిగితే ఆయనే జవాబిచ్చేవాడు, ఆమె తలూపేది.

ఆ రోజు ఆసుపత్రిలోనూ అలాగే మొదలైంది.

"ఎలా ఉందమ్మా?" అంది డాక్టరమ్మ.

"బాగానే ఉందండీ. తింటోంది, తిరుగుతోంది..." అన్నాడాయన.

"మీరు బయట కూర్చోండి," అంది టీచరమ్మ.

"నేనా?"

"మీరే. నేను మాట్లాడాలి."

ఆయన లేచి బయటికెళ్లి తలుపు దగ్గరకు వేశాడు. ఆమె దిండు గలీబు నుంచి మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ చేతులు చూసింది, అప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించింది.

"రక్తం బాగా తగ్గిందమ్మా. చెప్పి మంచిపని చేశారు. ఒక మాత్ర ఇవాళ్టితో ఆపేద్దాం."

"ఏడాది అన్నారు కదండీ? స్టెంటుకేం కాదా?"

"అందరికీ ఏడాది అక్కర్లేదు. మీ వయసులో, ఇంత రక్తం పోతున్నప్పుడు, రెండూ వేసుకోవడమే ఎక్కువ ప్రమాదం. స్టెంటు కుదురుకుంది. రెండో మాత్ర మాత్రం మానొద్దు."

గుండెల మీంచి బండ దించినట్టయింది. టీచరమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

బయట ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. సంగతంతా విన్నాక, "ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్పాను. మీరు పేపరు చదువుతున్నారు."

ఆయన ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు.

కౌంటరు దగ్గర అమ్మాయి, "రెండు వారాలకు మళ్లీ రావాలండీ. ఫోన్ నెంబరు?" అంది. ఆయన అలవాటుగా తన నెంబరు మొదలుపెట్టాడు.

"అది కాదమ్మా," అంటూ టీచరమ్మ ముందుకు జరిగింది. "నా నెంబరు రాసుకో."