తుమ్మచెక్క నీళ్ళలో ముంచిన జెండా

కొల్లేటి లంకలో నీటి పొత్తు ఉన్న నూలు ఏదైనా సరే, ముందు తుమ్మచెక్క నీళ్ళు తాగాల్సిందే. కొత్త వల అల్లినా ముంచుతారు, దోనె కట్టే తాడు పేనినా ముంచుతారు. గంగారత్నం మామగారైతే బతికున్నన్నాళ్ళూ తలగుడ్డ కూడా ముంచుకునే కట్టుకున్నాడు. తుమ్మచెట్టు బెరడు ఒలిచి పెద్ద కాగులో వేసి పొద్దల్లా ఉడికిస్తే నీళ్ళు చిక్కబడి ఎర్రమట్టి రంగుకి తిరుగుతాయి. అందులో నానిన నూలు కుళ్ళదు, చీకిపోదు, చేప కొరికినా ఓ పట్టాన తెగదు. ముంచని నూలు నెల తిరక్కుండా చేతిలోనే పొడైపోతుంది. పెళ్ళయి ఆ లంకకి వచ్చిన మొదటివారమే అత్త సత్తెమ్మ గంగారత్నానికి నేర్పిన పని అదే. వంట కూడా ఆ తరవాతే నేర్పింది.

ఇది ముప్పై రెండో సంవత్సరం జనవరి నెల మాట. గంగారత్నం పెనిమిటి సత్తిరాజుకి అంతకు ముందేడే దేశం పిచ్చి పట్టుకుంది. పట్టించినాయన తాడేపల్లిగూడెం సూర్యప్రకాశరావుగారు. పదిహేనెకరాల వరిచేను ఉన్న ఆసామి, చదువుకున్నాయన, ఉప్పు పోరాటం జరిగిన ఏడు ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చినాయన. అంతటివాడు ఓనాడు దోనె దిగి, వాళ్ళ పాకలోకి వంగి వచ్చి, చాప మీద కూర్చుని, వాళ్ళ కుండలో నీళ్ళు అడిగి తాగాడు. ఏలూరు బజారులో చేపల గంప దించితే ముక్కు మూసుకుని బేరమాడే మనుషుల్నే చూశాడు సత్తిరాజు పుట్టి బుద్ధెరిగాక. ఆ ఒక్క చెంబుడు నీళ్ళతో అతగాడు పడిపోయాడు.

"ఈ దేశం నాదేనంట! అయ్యగారే చెప్పారు," అని ఆ వారమంతా అన్నం తింటూ అన్నాడు.

"నీదైతే ఆ మూల చూరు కారుతోంది, కప్పించు మరి," అంది సత్తెమ్మ.

గంగారత్నానికి దేశమంటే సరిగ్గా తెలీదు. లంక తెలుసు, ఏలూరు తెలుసు, ఒక్కసారి గూడెం సంతకి వెళ్ళింది. అయినా కిందటేడు సూర్యప్రకాశరావుగారిని జెండాతో సహా దోనెలో ఎక్కించుకుని కాలవ వెంట వెళ్ళినప్పుడు, గట్టు పక్క చేలో కోతలు కోస్తున్న జనం కొడవళ్ళు పక్కన పెట్టి లేచి నిలబడి దణ్ణాలు పెట్టారు. దోనె ముందు కొసన కూర్చున్నది గంగారత్నమే. ఆ దణ్ణాలు జెండాకని తెలుసు. తెలిసీ, కొన్ని తనక్కూడా తగిలినట్టయి ఒళ్ళు జలదరించింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ ఏడు ఊళ్ళలో జెండా ఎత్తితే పోలీసులు ఎముకలు విరగ్గొడుతున్నారు. అందుకని స్వరాజ్య దినమని కాంగ్రెసు వాళ్ళు పెట్టుకున్న జనవరి ఇరవై ఆరో తారీకున కొల్లేటి నడిమధ్య దోనె మీద ఎగరేద్దామని సూర్యప్రకాశరావుగారు తలపెట్టారు. రెండ్రోజుల ముందే జెండా తెచ్చి గంగారత్నం చేతిలో పెట్టారు.

"నా ఇల్లు సోదా చేస్తారమ్మా. నీ దగ్గరైతే భద్రం. ఇది మామూలు గుడ్డనుకోకు. మనవలు, మునిమనవలు చూడాల్సిన జెండా. దీనికేమీ కాకూడదు."

"నేనుండగా ఏమీ కానివ్వనండి," అంది గంగారత్నం.

ఆ మాటే కొంప ముంచింది. మర్నాడు మధ్యాహ్నం కొత్త వల కోసం కాగు పెట్టింది. నీళ్ళు తెర్లుతున్నాయి. జెండా తీసి చూసింది. చేత్తో వడికిన నూలు, మెత్తగా, పసిపిల్ల చెంపలా ఉంది. పైన కాషాయం, నడుమ తెలుపు మీద రాట్నం బొమ్మ, కింద ఆకుపచ్చ. రేపు దోనె మీద నిలబడాలి, నీటి తుంపర పడుతుంది, మంచు పడుతుంది. మునిమనవల దాకా అన్నారు. ఇలా పచ్చి నూలుగా వదిలేస్తే ఎండాకాలం దాకా కూడా ఉండదు. పాపం, గూడెం వాళ్ళకి ఏం తెలుసు, మెట్ట మనుషులు! ఇంట్లో ప్రాణంగా చూసుకునే వలకి చేసినట్టే దీనికీ చేయాలనుకుంది. కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మకి మనసులో దణ్ణం పెట్టుకుని రెండు చేతులతో కాగులోకి దించింది. రాత్రంతా నానే వలకి మించిన గౌరవం చేస్తున్నాననుకుంటూ, కర్రతో నెమ్మదిగా మూడుసార్లు తిప్పింది కూడా.

తీసి, పిండి, కిక్కిస పొదల మీద ఆరేశాక తెలిసింది. కాషాయం లేదు, తెలుపు లేదు, ఆకుపచ్చ లేదు. మొత్తం ఒకటే రంగు, పాత వల రంగు. ఎండకి ఎత్తి పట్టుకుని కళ్ళు చికిలిస్తే రాట్నం నీడలా కనిపిస్తుందంతే.

సత్తెమ్మ వచ్చి చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఓసి నీ తెలివి తెల్లారా! పోనీలే, మీ మావ తలగుడ్డలా ఉంది. ఇప్పుడు మనదనిపిస్తోంది."

చేపల గంపతో వచ్చిన సత్తిరాజు మాత్రం నవ్వలేదు. గుడ్డని ఇటూ అటూ తిప్పాడు. గంగారత్నం చెప్పుకోబోయింది.

"మావా, కుళ్ళిపోతుందనీ..."

"తెలుసులేవే."

"అయ్యగారు చంపేస్తారు."

"కొత్తది తేవడానికి టైములేదు." తరవాత జెండాని నాలుగు మడతలు వేసి, తన తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ మడతల కేసి చూస్తుంటే గంగారత్నానికి తిట్టినా బాగుండుననిపించింది.

తెల్లారి పాతిక దోనెలు కొల్లేటి మధ్యన కలుసుకున్నాయి. సూర్యప్రకాశరావుగారు జెండా విప్పి చూసేసరికి మొహం జేవురించింది.

"ఇదేం పనయ్యా సత్తిరాజూ! దీన్ని జెండా అంటారా ఎవరైనా? ఎంతమంది నెత్తురు కార్చారో తెలుసా ఆ రంగుల కోసం? ఇది జెండా కాదు, కాదంతే. ఎగరెయ్యడానికి వీల్లేదు."

చుట్టూ దోనెల్లో వాళ్ళంతా గంగారత్నాన్ని చూశారు. ఆమె తల వంచుకుంది. దేశం అనేది ఎక్కడుంటుందో తెలియకపోయినా, దానికి తాను తప్పు చేసిందని మాత్రం తెలిసింది.

సత్తిరాజు దోనె తోసే గెడకి జెండా కట్టి, దోనె నడుమ నిలబెట్టాడు.

"తప్పైతే నాదేనండి. మరి ఇంతమంది పనులు మానుకుని వచ్చారు కదండీ. రంగు పోయింది గానీ, గుడ్డ అదే కదండీ, ఆయ్."

గాలికి అది పైకి లేచింది. ఎవరూ జై అనలేదు మొదట. ఓ ముసలాయన అన్నాడు. తరవాత అందరూ అన్నారు. సూర్యప్రకాశరావుగారు కూడా పెదవులు కదిపారు. గంగారత్నానికి ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ పులకరించింది, ఏది ముందో తెలీదు.

అప్పుడే కిక్కిస పొదల చాటునుంచి పోలీసుల పడవ వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. దోనెలు చెల్లాచెదరయ్యాయి. సత్తిరాజు దోనె మాత్రం ఉన్నచోటే ఉంది. అందులో అతనూ, గంగారత్నమూ, సూర్యప్రకాశరావుగారూ.

సబినస్పెక్టరు కొత్తవాడు. బూట్లలోకి నీళ్ళు పోయి, చలికి వణుకుతున్నాడు. జెండా కేసి చూసి, జేబులోంచి కాయితం తీసి చదువుకున్నాడు.

"ఏవయ్యా హెడ్డూ, మూడు రంగులని రాసుంది ఇందులో. ఇదేమిటిది?"

"వల గుడ్డలా ఉందండి," అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

"ఆఁ, వల గుడ్డేనండి!" గంగారత్నం ఒక్కసారిగా లేచింది. దోనె ఊగింది. "మా వల గుడ్డండి బాబూ. నేనే తుమ్మచెక్క నీళ్ళలో వేశానండి. కావాలంటే వాసన చూడండి. జెండా కాదండి, గిండా కాదండి!"

నిన్నటి నుంచీ తనని తినేస్తున్న తప్పు ఇప్పుడు అమ్మవారి వరంలా కనిపించిందామెకి. రంగులుంటే ఈ పాటికి బేడీలు పడేవి. ఆ కాగే కాపాడింది, పెద్దింట్లమ్మే తన చేత ముంచి పెట్టించింది.

సబినస్పెక్టరుక్కూడా అదే నయమనిపించినట్టుంది. సూర్యప్రకాశరావుగారి వైపు తిరిగాడు.

"ఏవండీ, మీరు చదువుకున్నవారు. మీరే చెప్పండి. ఇది కాంగ్రెసు జెండాయేనా?"

సూర్యప్రకాశరావుగారు సత్తిరాజుని చూశారు, గంగారత్నాన్ని చూశారు. ఆమె రెండు చేతులూ జోడించింది.

"కాదండీ," అన్నారాయన మెల్లగా.

"అయితే సరే. ఒరేయ్, ఆ గుడ్డ దింపుకుని ఇంటికి పో."

సత్తిరాజు కదల్లేదు. పెళ్ళాం కేసి ఓ చూపు చూశాడు. చేతిలో అన్నం ముద్ద ఉండగా చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు. కోపం కాదది. కోపమైతే ఆమె సర్దిచెప్పుకునేది.

"జెండాయే అండి," అన్నాడు.

"ఎవరు చెప్పారురా నీకు?"

"కట్టింది నేనండి. నాకు తెలీదా అండి?"

"వెధవా, నీ పెళ్ళాం కాదంటోంది, అయ్యగారు కాదంటున్నారు..."

"ఆళ్ళు భయపడి అంటున్నారండి. ఇది జెండాయే."

"మావా! నీకేమన్నా పిచ్చెక్కిందా? గుడ్డండి బాబూ, గుడ్డ!" అని గంగారత్నం హెడ్డు కాళ్ళ మీద పడబోయింది. ఆ కంగారులో దోనె ఒరిగి, ఆమె నీళ్ళలో పడింది. మోకాటి లోతే. లేచి, మొహం తుడుచుకుని చూసేసరికి సత్తిరాజుని వాళ్ళ పడవలోకి ఎక్కించుకున్నారు. జెండాని సాక్ష్యానికని హెడ్డు చంకలో పెట్టుకున్నాడు. ఆమె చేతులు చాస్తే అందేంత దూరంలోనే ఉంది పడవ. నాలుగు అడుగులు నడిచింది. అయిదో అడుగుకి లోతు.

ఏలూరులో కోర్టు పని పావుగంటలో అయిపోయింది. ఆరు నెలలు శిక్ష. లోపలికి ఆడవాళ్ళని రానివ్వలేదు. కోర్టు గుమ్మం దగ్గర సూర్యప్రకాశరావుగారు ఎదురొచ్చారు. రెండ్రోజుల్లో పదేళ్ళు ముసలాయనైపోయారు.

"తల్లీ, వాణ్ణి తప్పిద్దామనే అలా అన్నాను. నేనూ రేపు గూడెంలో జెండా ఎత్తి జైలుకి పోతాను."

"మీరెల్తే ఆయనొస్తాడాండీ?"

ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. అంతటాయన ఏడుస్తుంటే తిట్టడానిక్కూడా గంగారత్నానికి నోరు రాలేదు. ఆయన వాళ్ళ కుండలో నీళ్ళు తాగినాయన. ఎవరిమీద కోపం పెట్టుకోవాలో తేలక, అత్త చెయ్యి పట్టుకుని స్టేషనుకి పరుగెత్తింది. సాయంత్రం రైలుకి రాజమండ్రి తీసుకెళుతున్నారని చెప్పారు.

దారిలో ఆమె ఒకటే అనుకుంది. ఆరు నెలలు ఎలాగో గడుస్తాయి. దోనె తను తొయ్యగలదు, వల అత్త విసరగలదు. కానీ ఆ చూపుతో పోకూడదు మనిషి. కిటికీ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పాలి. అది జెండాయే మావా, నీ కోసం అబద్ధమాడాను, అని.

కోర్టు కబురు అప్పుడే ఊరంతా పాకినట్టుంది, స్టేషను నిండా జనం. కుర్రాళ్ళు, ప్లీడర్లు, బజారు వాళ్ళు. "కొల్లేటి సత్తిరాజుకి జై!" అని ఒకటే హోరు. ఒరేయ్ చేపలోడా అని తప్ప పేరు పెట్టి పిలవని ఏలూరు, ఆయన పేరు పెట్టి అరుస్తోంది. ఆ హోరు గుండెల్లో కొట్టుకుంటుంటే, వద్దు వద్దనుకుంటూనే ఆమె మెడ నిటారుగా లేచింది. ఈవిడే భార్య అని ఎవరో అన్నారు. బంతిపూల దండొకటి మెళ్ళో పడింది. జనం దారిస్తారేమోననుకుంది. దణ్ణాలు పెట్టారు గానీ దారివ్వలేదు. ఇంకా చుట్టూ మూగారు.

పెట్టె కిటికీలో సత్తిరాజు కనిపించాడు, ఇద్దరు పోలీసుల మధ్య. అంత జనాన్ని చూసి తెల్లబోయి ఉన్నాడు.

"మావా!" అంది గంగారత్నం. "అది జెండాయే మావా!"

"భారతమాతకు జై!" అంది జనం.

"జెండాయే! నేనే..."

"జై!"

గొంతు చిరిగిపోయేలా అరిచింది. పక్కనున్న కుర్రాడు ఆమె ఉత్సాహం చూసి ముచ్చటపడి, తనూ ఇంకా గట్టిగా జై కొట్టాడు. సత్తిరాజు ఆమెను చూశాడు. నోరు కదలడం చూశాడు, దండ చూశాడు. అందరిలాగే ఆమె కూడా జై కొడుతోందనుకున్నట్టున్నాడు. బేడీలున్న రెండు చేతులూ ఎత్తి, అందరికీ పెట్టిన దణ్ణమే ఆమెకీ పెట్టాడు. రైలు కదిలింది.

జనం పల్చబడ్డాక సత్తెమ్మ కోడల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆ రొదలో ముసలిదానికి కొడుకు మొహం కూడా కనిపించలేదు.

"అంతలా అరిచావు, ఆడితో ఏం చెప్పావే?"

గంగారత్నం మెళ్ళో దండ తీసేసింది.

"జై అన్నానత్తా," అంది.

"మంచి పని చేశావు. పద, చీకటి పడకముందే కాలవ దాటాలి," అని సత్తెమ్మ ముందు నడిచింది.