అద్దం వెనక గోడ

మా కోడలు హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతుంది. బడిలో కాదు, పడకగదిలో. కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, స్టాండుకు ఫోను బిగించి పాఠం రికార్డు చేస్తుంది. ఒక కంపెనీవాళ్ళు ఆ పాఠాలన్నీ ఆన్‌లైన్ కోర్సుగా పిల్లలకు అందిస్తారు.

ఉత్త ఫోను కేసి చూస్తూ మాట్లాడటం తనవల్ల కాదు. "ఎవరిదో ఒకరి ముఖం కనబడాలి అత్తయ్యా, లేకపోతే నోరు పెగలదు" అని నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెడుతుంది. నేను తల ఊపితే తర్వాతి మాటకు వెళుతుంది. అంతే నా ఉద్యోగం.

నా చదువు ఏడో తరగతి. రోజూ ప్రార్థనలో చదివే మాటల్లో సగానికి నాకు అర్థం తెలియదు. అయినా చేతులు జోడిస్తాను, మనసు కుదుటపడుతుంది. పాఠమూ అలాంటిదే అనుకున్నాను. మంచి మాట చెవిన పడితే ఎప్పటికైనా లోపలికి దిగకపోతుందా అని తల ఊపుతూ వచ్చాను.

మొన్న కంపెనీలో కోర్సులు చూసే పెద్దాయన ఫోన్ చేశాడు. స్పీకరులో ఆయన మాట నాకూ వినబడింది.

"మేడమ్, అద్దాల పాఠం పిల్లలు సగంలోనే వదిలేస్తున్నారు. మళ్ళీ చేసి పంపండి. ఈసారీ ఇంతే అయితే కోర్సు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది, ఏమీ అనుకోకండి."

కోడలు ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరు తల ఊపారుగా?"

"ఊపానమ్మా."

"అర్థమయ్యే ఊపారా?"

"నువ్వంత ముచ్చటగా చెబుతుంటే ఊపకుండా ఎలా ఉంటాను?"

గుమ్మంలో నిలబడ్డ మా అబ్బాయి పకపకా నవ్వాడు. "నేను మాడబెట్టిన కూరకీ అమ్మ ఇలాగే ఊపుతుంది!"

"మీరు కాస్త అవతలికి వెళతారా?" అంది కోడలు వాడితో. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

నాకేమీ పాలుపోలేదు. నాకు తెలియకపోవడం నా చదువు తక్కువైనందుకా, తను చెప్పడంలో ఏదైనా తక్కువైనందుకా? తెలియనివాళ్ళకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

సాయంత్రం మళ్ళీ కూర్చున్నాం. "తెలిస్తేనే ఊపండి" అని ఒట్టు వేయించుకున్నంత పని చేసి, మొదలుపెట్టింది.

"అద్దం ముందు మనం ఎంత దూరంలో ఉంటే, మన ప్రతిబింబం అద్దం వెనక అంతే దూరంలో ఏర్పడుతుంది."

నా తల కదల్లేదు. తను ఆగింది.

"ఏది తెలియలేదు?"

"అద్దం వెనకుండేది గోడేగా? గోడలో నా బొమ్మ ఎలా ఉంటుందమ్మా?"

"అక్కడ నిజంగా ఏమీ ఉండదు అత్తయ్యా. వెలుగు అక్కణ్ణించి వచ్చినట్టు కంటికి అనిపిస్తుందంతే."

"మరి ఏర్పడుతుందన్నావు?"

తను పుస్తకం తిరగేసింది. "ఇందులోనూ అలాగే ఉంది. మాకూ అలాగే చెప్పారు" అని నసిగింది. లేచి గోడకున్న అద్దం దించి, వెనక్కి తిప్పి చూపించింది. అట్ట, కాస్త దుమ్ము. ముందుకు తిప్పింది. ఎంతో లోపల ఉన్నట్టు నేను.

నాకు తికమక ఇంకా ఎక్కువైంది. లేనిది ఇంత స్పష్టంగా ఎలా కనబడుతుంది? అయినా ఇందాకటి కన్నా ఏదో తెలిసినట్టే ఉంది. కొంచెంగా ఊపాను.

"అదేం ఊపడం?"

"సగమే తెలిసింది మరి."

తనకు నవ్వాగలేదు. ఈ మాటలన్నీ ఫోనులో రికార్డయ్యాయి. తీసేయాలా, ఉంచాలా అని చాలాసేపు ఊగిసలాడి, చివరికి అలాగే పంపేసింది.

వారానికి పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఆయన గొంతులోనూ అయోమయమే.

"పిల్లలు చివరిదాకా చూశారు మేడమ్. కానీ ప్రశ్నలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. ఇదివరకు ఒక్కరూ అడిగేవారు కాదు. ఇంతకీ పాఠం అర్థమైనట్టా, కానట్టా?"

"నాకూ తెలియట్లేదండీ."

"సరే, జవాబులు చెప్పాల్సింది మీరే కదా. కోర్సు మీ దగ్గరే ఉండనివ్వండి."

కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"అత్తయ్యా, వెనక గోడే లేకుండా అద్దాన్ని గాల్లో వేలాడదీస్తే బొమ్మ ఎక్కడుంటుందని ఓ పాప అడుగుతోంది. ఏం చెప్పను?"

"నన్నడుగుతావేంటే తల్లీ!"

కాగితం తీసి అద్దాన్ని నిలువు గీతగా గీసింది. దాని ముందు ఒక మనిషిని గీసింది. గీతకు అవతల పెన్సిలు ఆనించి, మళ్ళీ ఎత్తేసింది. ఆ ఖాళీ కేసి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.