ఈగ వాలని తీపి

యంత్రం తెరమీద గీత కొండలా లేచేసరికి దారాలమ్మ చప్పున సీసా వైపు చూసింది. పరీక్షకొచ్చే సీసా మీద అంకె తప్ప పేరుండదు. కానీ ఆ నీలం మూత ఆమెకు తెలుసు. అక్క ఇంట్లో తేనె సీసాలన్నిటికీ అదే మూత.

దారాలమ్మ అసలు పేరు కాదు. తేనె పరీక్షాశాలలో వెంట్రుకంత సన్నని గాజుపోగులు తయారుచేస్తుందని బావ పెట్టిన పేరు. తేనెటీగలకు జబ్బు చేస్తే కొందరు వేసే మందు తేనెలోకి దిగుతుంది. అలాంటి తేనె అమ్మకూడదు, పారబోయాల్సిందే. ఆ మందు బావిలో చిటికెడు పంచదారంత ఉన్నా ఈ పోగు పట్టేస్తుంది. ముందు ఆమె అదే మందు కలిపిన జిగురును పోగుకు పూసి గట్టిపడనిస్తుంది. తరవాత పులుపు కలిపిన స్పిరిట్‌తో మందునంతా కడిగేస్తుంది. రాయి ఊడిన ఉంగరంలో గూడు మిగిలినట్టు, జిగురులో మందు ఆకారంలోనే గూళ్ళు మిగులుతాయి. తేనెనీళ్ళలో ముంచితే, మందు ఉన్నదంటే వచ్చి వాటిలో కూర్చుంటుంది. ఆ పోగును యంత్రంలో పెడితే గీత లేస్తుంది.

మధ్యాహ్నం బావ ఫలితం కోసం వచ్చాడు.

"ఏమ్మా మరదలా, మొహం అలా పెట్టావేం? నా తేనె చేదుగా ఉందా?"

"మందుంది బావా."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నా ఈగల మీద ఒట్టు, చుక్క కూడా వెయ్యలేదు. కావాలంటే మీ అక్కనడుగు."

"అక్క మీ వైపే మాట్లాడుతుంది."

"మీ అక్కా? నా వైపా? ఏనాడైనా విన్నావా?"

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. దానికి తోడు, బావ అబద్ధాలకోరని ఒప్పుకోవాలి. లేచి పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది.

"అది మా బావ తేనె మేడం. పోగు మీద నాకు అనుమానంగా ఉంది."

మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "పోయిన వారం గడ్డం తాత తేనెకీ ఇలాగే లేచింది. ఆయనా ఒట్టు పెట్టాడు. అప్పుడు రాలేదేం అనుమానం?"

'యంత్రం అబద్ధం చెప్పదు తాతా' అని ఆ రోజు దారాలమ్మే అంది. ఆయన గొయ్యి తీసి తేనెంతా పోసేశాడు.

"నువ్వు పోగు సంగతి చూడు. మీ బావ తేనె జోలికి పోకు, అది నేను చూస్తాను."

పోగు కడిగాక మంచినీళ్ళలో ముంచి చూడటం వాళ్ళ అలవాటు. గీత పడుకునే ఉండేది. ఇప్పుడామె నిలబడి ఆలోచించింది. తేనె మంచినీళ్ళు కాదు, దానికి పులుపుంది. మందును కడిగిందీ పులుపుతోనే కదా! పంచదార నీళ్ళలో కాస్త పులుపు కలిపి పోగును ముంచింది. ఏ ఈగా వాలని ఆ తీపిలోనూ గీత లేచి కూర్చుంది. జిగురు లోతు గూళ్ళలో పాత మందే ఇంకా మిగిలి ఉంది, మంచినీళ్ళకు కదలనిది పులుపు తగలగానే పైకొచ్చింది. దొంగను పట్టమని పంపిన జవాను జేబులోనే సొత్తు దొరికినట్టయింది.

స్పిరిట్ వేడిచేసి, పులుపు పెంచి, ఆ తీపినీళ్ళలోనూ గీత లేవకుండా పోయేదాకా కడిగింది. మర్నాడు మేడం ఆ పోగుతో బావ తేనె చూసింది. గీత పడుకుంది.

ఇక మిగిలింది గడ్డం తాత తేనె. పరీక్షకు వచ్చిన ప్రతి తేనెలోనూ కాస్త తీసి చల్లని అరలో దాచి ఉంచుతారు. దాన్ని నీళ్ళలో కలిపి, పోగు ముంచి, తెర ముందు కూర్చుంది. గీత లేస్తే బాగుండునని మనసులో అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా. గీత లేవలేదు.

ఫోన్ తీసింది.

"తాతా, మీ తేనెలో మందు లేదు. మా పోగుదే తప్పు, కడిగిన నాదే తప్పు."

తాత ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు.

"నా ఈగలకి ఆ సంగతి ఎప్పుడో తెలుసమ్మా. తెలీంది మా ఆవిడకే. దాని కంటపడకుండా మందు వేశానని ఆ రోజునుంచి నాతో మాట్లాడ్డం లేదు. ఫోన్ దానికిస్తాను, ఆ మాటేదో చెప్పు."

"ఫోన్లో వద్దు తాతా. నేనే వచ్చి చెబుతాను."

"అయితే ఆ యంత్రాన్ని కూడా వెంట తెచ్చుకో. మా ఆవిడ దాని మాటే నమ్మింది మరి."