వెళ్ళొచ్చే డబ్బా

రైలుబండి డాండెనాంగ్ స్టేషన్‌లో ఆగేలోపే ఈశ్వరప్రసాద్ పక్క సీటు మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజూ చేసే పనే. ఆ సీటు జ్ఞానప్రసూనది. సీటు మీద ఆమె పేరేమీ రాసి లేదు. పేరు రాసి ఉన్నది సంచీలోని స్టీలు డబ్బా మీద. పూర్వం పాత్రల కొట్లో చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు: జ్ఞానప్రసూన, ఏలూరు. ఆ డబ్బాని ఇవాళ ఆమెకి తిరిగి ఇవ్వకూడదని రాత్రే నిశ్చయించుకున్నాడు.

ప్రసాద్‌కి అరవై దాటాయి. పొట్టి మనిషి, గట్టి పొట్ట. ఏ చొక్కా తొడిగినా జేబు కింద ఒక సిరా మరక ఉంటుంది. చొక్కాలు మారాయి గానీ మరక మారలేదు. గుంటూరులో లా పట్టా పుచ్చుకుని మెల్బోర్న్ వచ్చాడు, వచ్చాక పట్టాలే పట్టుకున్నాడు. క్రాన్‌బర్న్‌లో ఎక్కడం, ఫ్లాగ్‌స్టాఫ్‌లో దిగడం, అక్కడ ఒక లాయర్ల ఆఫీసు నేలమాళిగలో సాయంత్రం దాకా జిరాక్సులు తీయడం. పెళ్ళికని ఇండియా బయల్దేరిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొచ్చింది. చివరికి వయసే అడ్డొచ్చింది.

తలుపులు తెరుచుకున్నాయి. జ్ఞానప్రసూన ఎక్కింది. పొడగరి. ఆస్పత్రి వంటింటి నీలం యూనిఫాం, నెరిసిన జుట్టు ముడి, ముక్కుకి ఎర్రరాయి, ముంజేతుల మీద ఆవిరి చురకల మచ్చలు.

"ఏవండోయ్, ఆఖరి రోజైనా ఆ కిటికీ పక్క సీటు ఇస్తారా, ఇవ్వరా?"

ప్రసాద్ జరిగాడు. "కూర్చోండి. సోమవారం నించి ఈ కిటికీలో రిచ్‌మండ్ కనబడదు."

"సోమవారం నించి నేనూ కనబడను కదండీ. మా ఇద్దరికీ ఒకేసారి రిటైర్‌మెంటు."

నవ్వింది. ప్రసాద్ నవ్వలేదు. ఆదివారం నుంచి క్రాన్‌బర్న్ బండికి దారి మారుస్తున్నారు. కొత్త సొరంగంలో దూరి, ఆంజాక్, టౌన్ హాల్, స్టేట్ లైబ్రరీ, పార్క్‌విల్, ఆర్డెన్ దాటి, అవతల సన్‌బరీ దాకా పోతుందట. ఇన్నేళ్ళూ ఈ బండికి లూపే లోకం. రిచ్‌మండ్ దాటాక నేలలోకి దిగి, ఊరి కింద ఒక చుట్టు చుట్టి, మళ్ళీ రిచ్‌మండ్‌కే వచ్చేది. ఎనభై ఒకటిలో మ్యూజియం స్టేషన్‌తో తెరిచిన దారి అది. తర్వాత మ్యూజియం మెల్బోర్న్ సెంట్రల్ అయింది. స్పెన్సర్ స్ట్రీట్ సదరన్ క్రాస్ అయింది. పేర్లు మార్చుకుందే గానీ చుట్టు మానుకోలేదు.

ఆ చుట్టే వీళ్ళిద్దర్నీ కలిపింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు జ్ఞానప్రసూన జనంలో ఇరుక్కుని రిచ్‌మండ్‌లో దిగలేకపోయింది. దిగలేనివాళ్ళకి మిగిలేది దిగులే. ఊరి కింద అన్ని చీకట్లూ చూసి బండి మళ్ళీ వెలుతుర్లోకి వచ్చేసరికి, "ఓరి నాయనోయ్, మళ్ళీ రిచ్‌మండేనా!" అని పైకే అనేసింది. ఆ వేళ ప్రసాద్ ఆఫీసు పనిమీద ఊరి బయటికి పోతూ ఫ్లాగ్‌స్టాఫ్‌లో అదే పెట్టెలో ఎక్కాడు. "కంగారు పడకండి. ఇది తెలుగు బండి. వెళ్తానని అనదు, వెళ్ళొస్తానంటుంది" అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు విన్నాక అతనికి వేరే బండి ఎక్కబుద్ధి కాలేదు.

మర్నాడు ఆ డబ్బా నిండా పులిహోర తెచ్చింది. ఎవరి డబ్బా అయినా వట్టిది తిరిగి ఇవ్వకూడదు కదా, పెరట్లో చెట్టు నిమ్మకాయలు నింపి ఇచ్చాడు. అవి ఊరగాయై తిరిగొచ్చాయి. ఊరగాయ అయిపోయేది, ఊరట మిగిలేది. రైలు డబ్బాలో డబ్బా అలా వెళ్ళొస్తూనే ఉంది. మధ్యలో ఆమె భర్త పోయాడు. కూతురు చైత్ర కాన్‌బెర్రాలో స్థిరపడి, అక్కడే హారిసన్‌లో ఇల్లు కొనుక్కుంది. డబ్బా ఆగలేదు.

రిచ్‌మండ్ వచ్చింది. "సాయంత్రం కలుద్దాం" అంటూ దిగింది. డబ్బా మాట ఎత్తలేదు. రేపు ఆమె కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. తిరిగివ్వకపోతే అడగాలి, అడగాలంటే రావాలి. ప్రసాద్ చదివిన లా అంతా ఆ ఒక్క పాయింటుకే పనికొచ్చింది.

నేలమాళిగలో కుర్ర లాయరమ్మ తొంగిచూసింది. "ఈశ్, ఫోర్ కాపీస్ దిస్ ఆర్వో, ప్లీజ్!" మధ్యాహ్నానికి నాలుగు కాపీలు కావాలిట. ఇక్కడ అందరికీ అతను ఈశ్. ఈశ్వరుడిలోంచి వరం కోసేసి ఈశ్ మాత్రం వాడుకుంటారు.

పొద్దుటినుంచీ ఒకే మాట గొణుక్కుంటున్నాడు. "ఉండిపోండి." రేపు కాన్‌బెర్రా వెళ్ళకండి, ఉండిపోండి. ఎన్నిసార్లు అన్నా అతనికి అందులో ఏదో గుచ్చుకుంటోంది. మన భాషలో ఉండమని బతిమాలే మాటలో కూడా ఒక 'పో' ఉంది. ఆ ధ్యాసలో గాజు మీద కాగితం పెట్టకుండానే మీట నొక్కాడు. నాలుగు తెల్ల కాగితాలు వెచ్చగా బయటికొచ్చాయి. అతని మనసులో మాటకి అచ్చమైన నకళ్ళు.

సాయంత్రం బండి ఊరి కింద చివరిసారి అతన్ని మోసుకుని పైకొచ్చింది. రిచ్‌మండ్‌లో జ్ఞానప్రసూన ఎక్కింది. చేతిలో పూలగుత్తి, కళ్ళ కింద కాస్త ఎరుపు.

"కేకు కోయించారండీ. వాళ్ళకి ఇన్నేళ్ళు వండిపెట్టాను, నా సెండాఫ్‌కి బజారు కేకు!"

"చైత్ర వాళ్ళు వస్తున్నారా?"

"పొద్దున్నే కార్లో. మనవరాలు ఫోన్లో ఒకటే గోల, అమ్మమ్మా కమ్ ఫాస్ట్, అని." కాసేపు పూలరేకులు సవరించింది. "అన్నట్టు, నా డబ్బా?"

ప్రసాద్ సంచీని పొట్టకి అదుముకున్నాడు. "ఇంట్లో మర్చిపోయానండీ."

సరిగ్గా సౌత్ యారా దగ్గర బండి మలుపు తిరిగింది. సంచీలో గుడగుడమని చప్పుడు. స్టీలు డబ్బాలో నిమ్మకాయలు ఈ గోడనించి ఆ గోడకి దొర్లాయి. ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్న డబ్బాని కూడా పొద్దున్నే అలవాటుకొద్దీ నింపేశాడు!

ఆమె సంచీ వంక చూసింది. అతను నేల వంక చూశాడు. స్టేషన్లు ఒక్కొక్కటే దాటిపోయాయి.

చివరికి ఆమే అంది, మెల్లగా. "మర్చిపోతే మర్చిపోయారు. మీ దగ్గరే ఉండనివ్వండి. నేను మాత్రం వట్టి చేతుల్తో వెళ్తున్నానా ఏంటి?"

డాండెనాంగ్ ప్లాట్‌ఫారం కనబడింది. ఆమె లేచి కడ్డీ పట్టుకుంది. ప్రసాద్ కూడా లేచాడు.

"ప్రసూన గారూ... ఉండి..."

"ఆఁ? ఉండి?"

తలుపులు తెరుచుకున్నాయి. జనం తోసుకొచ్చారు.

"ఉండి... ఉండి ఉండి చినుకులు పడేట్టున్నాయండీ. గొడుగుందా?"

ఆమె బయటికి చూసింది. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, మండే ఎండ. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. తిరిగి అతని మొహంలోకి, మామూలుకంటే కొంచెం ఎక్కువసేపు చూసింది.

"తడిసినా పర్లేదులెండి," అంది. కళ్ళు అప్పటికే తడిశాయి. "వస్తానండి."

తెలుగులో వెళ్ళేవాళ్ళంతా అనే మాటే. దిగింది. మెట్లదాకా పూలగుత్తి కనబడింది, తర్వాత అదీ లేదు.

ప్రసాద్ కూర్చున్నాడు. అలవాటుగా సంచీని ఒళ్ళోకి తీసుకోబోయి, ఇక ఆ సీటు ఎవరికీ అక్కర్లేదని గుర్తొచ్చి, పక్కన కిటికీ దగ్గర పెట్టాడు. పెట్టాక డబ్బా బయటికి తీశాడు. చుక్కల అక్షరాల మీద ఎండ పడింది.

క్రాన్‌బర్న్ వచ్చింది. బండి ఒక్క కుదుపుతో ఆగింది. మూత కింద ఒక నిమ్మకాయ దొర్లి, ఆమె పేరున్న వైపుదాకా వెళ్ళి, తట్టి, వచ్చింది.